సైప్రస్ హిల్ తొలి ఆల్బమ్ (1991): హార్డ్‌కోర్ ర్యాప్‌లో లాటినోల శ్రవణ సంస్కృతి, మిశ్రభాష

వ్యాససంగ్రహం

లాస్ ఏంజలెస్ ప్రాంతానికి చెందిన సైప్రస్ హిల్ బృందం 1991లో వెలువరించిన తొలి ఆల్బమ్‌ను లాటిన్ సంగీతమూ హార్డ్‌కోర్ ర్యాప్ కలగలిసిన రచనగా పరిచయం చేయడం పరిపాటి. అయితే అందులోని బాణీలను విడదీసి చూస్తే లాటిన్ వాద్యాలూ లయలూ తక్కువగానే కనిపిస్తాయి. ఆఫ్రికన్ అమెరికన్ల బ్లూస్, సోల్, ఫంక్ రికార్డుల నుండి తీసుకున్న శబ్దఖండాలే అధికం. అటువంటప్పుడు లాటిన్ ప్రభావమని చెబుతున్నది ఆ ఆల్బమ్‌లో ఎక్కడ ఉన్నదన్నది ప్రశ్న. సౌత్ గేట్ పట్టణ చరిత్ర, మెక్సికన్ అమెరికన్ల శ్రవణ సంప్రదాయం, స్పానిష్-ఇంగ్లీషు మిశ్రభాష ఆధారాలుగా ఈ వ్యాసం ఆ ప్రశ్నను పరిశీలిస్తుంది.

కీలకపదాలు: సైప్రస్ హిల్, హిప్‌హాప్, హార్డ్‌కోర్ ర్యాప్, చికానో సంస్కృతి, కాలో, మిశ్రభాష, శాంప్లింగ్, సౌత్ గేట్.

1. ప్రవేశిక

1991 ఆగస్టు 13న రఫ్‌హౌస్, కొలంబియా సంస్థల ద్వారా "సైప్రస్ హిల్" ఆల్బమ్ విడుదలైంది. బృందం పేరే ఆల్బమ్ పేరు. ఇందులో 16 అంశాలున్నాయి. గొంతులు ఇద్దరివి: బి-రియల్ (లూయీ ఫ్రీజ్), సెన్ డాగ్ (సెనెన్ రేయెస్). బాణీలు కూర్చినవాడు డి.జె. మగ్స్ (లారెన్స్ మగ్గరుడ్). బి-రియల్ తండ్రి మెక్సికన్, తల్లి క్యూబన్. సెన్ డాగ్ క్యూబాలోని పినార్ దెల్ రియోలో జన్మించి బాల్యంలోనే కుటుంబంతో అమెరికా చేరినవాడు. మగ్స్ లాటినో కాడు. ఇటాలియన్, నార్వేజియన్ మూలాలున్న అతడు న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో పుట్టి, తరువాత కాలిఫోర్నియాకు వచ్చాడు. ఈ చివరి విషయం ఆల్బమ్ గురించిన ఏ వాదానికైనా చిక్కు తెచ్చిపెడుతుంది. దానిని ఈ వ్యాసం తరువాత ప్రస్తావిస్తుంది.

"లాటిన్" అనగానే తెలుగు పాఠకుడికి ప్రాచీన రోమన్ల భాష స్ఫురించవచ్చు. అమెరికా సంగీత వ్యాపారంలో ఆ మాటకు అర్థం వేరు. మెక్సికో, క్యూబా, ప్యూర్టో రికో మొదలైన స్పానిష్ వాడుక ప్రాంతాల నుండి వచ్చినవారి సంగీతాన్నంతటినీ ఒకే అరలో సర్దడానికి రికార్డు కంపెనీలు వాడిన పేరది. ఒక మెక్సికన్ కార్మికుడి కుటుంబానికీ, విప్లవానంతరం క్యూబా విడిచి వచ్చిన కుటుంబానికీ భాష ఒకటే కావచ్చు గాని చరిత్ర ఒకటి కాదు. కాబట్టి "లాటిన్ ప్రభావం" అన్న మాటను సిద్ధ సమాధానంగా కాక, విప్పి చూడవలసిన మూటగా స్వీకరించడం మేలు.

"హార్డ్‌కోర్ ర్యాప్" అన్నది 1980ల ఉత్తరార్ధంలో బలపడిన ధోరణి. వీధి హింస, పోలీసు దౌర్జన్యం, ముఠాల జీవితం దాని వస్తువు. మెత్తదనానికి తావివ్వని ఉచ్చారణ, బరువైన డ్రమ్ము దెబ్బ దాని రూపం. 1988లో వచ్చిన ఎన్.డబ్ల్యూ.ఏ. బృందపు "స్ట్రెయిట్ అవుటా కాంప్టన్" ఈ ధోరణికి లాస్ ఏంజలెస్‌ను కేంద్రంగా చూపింది. సైప్రస్ హిల్ పుట్టిన సౌత్ గేట్, ఆ కాంప్టన్‌కు ఉత్తరాన కొద్ది మైళ్ళ దూరంలోనే ఉంది.

2. సౌత్ గేట్: కర్మాగారాల పట్టణం

బృందానికి పేరిచ్చినది సౌత్ గేట్‌లోని సైప్రస్ ఎవెన్యూ అనే వీధి. కాబట్టి చర్చను ఆ పట్టణం నుండే మొదలుపెట్టాలి. ఫైర్‌స్టోన్ టైర్ల కర్మాగారం 1928లోనూ, జనరల్ మోటార్స్ కార్ల కర్మాగారం 1936లోనూ ఇక్కడ వెలిశాయి. దశాబ్దాల పాటు ఇది శ్వేతజాతి కార్మికుల సొంత ఇళ్ళ పట్టణం. పడమట అలమీడా వీధి దాటితే ఆఫ్రికన్ అమెరికన్లు నివసించే వాట్స్. ఆ వీధిని నల్లవారు దాటి వచ్చి ఇల్లు కొనడం, అద్దెకు దిగడం దాదాపు అసాధ్యంగా ఉండేది. అందుకే ఆ సరిహద్దుకు "పత్తి తెర" అన్న వ్యంగ్యనామం ఏర్పడింది. ఇనుప తెర అన్న మాట ప్రపంచమంతా వినిపిస్తున్న రోజులవి. దక్షిణాది పత్తి పొలాల బానిసత్వాన్ని గుర్తుచేసే ఈ పేరు, ఒక వీధి గురించి చరిత్ర గ్రంథం చెప్పవలసినంత చెబుతుంది.

1965 ఆగస్టులో వాట్స్ రగిలింది. ఆ తరువాత శ్వేతజాతీయులు క్రమంగా పట్టణం వదిలారు. ఫైర్‌స్టోన్ 1980లో, జనరల్ మోటార్స్ 1982లో మూతపడ్డాయి. ఖాళీ అయిన ఇళ్ళలోకి మెక్సికన్ కుటుంబాలూ, కొంతమేరకు క్యూబన్ కుటుంబాలూ వచ్చాయి. 1990 జనగణన నాటికి సౌత్ గేట్ జనాభాలో ఐదింట నాలుగు వంతులకు పైగా లాటినోలు. అంటే కొత్తవారి చేతికి పట్టణం వచ్చేసరికి దానిని పోషించిన పని వెళ్ళిపోయింది. కార్ల కర్మాగారం మూతపడిననాటికి లూయీ ఫ్రీజ్‌కు దాదాపు పన్నెండేళ్ళు. సెనెన్ రేయెస్ ఇంకా ఇరవై నిండనివాడు. ఆల్బమ్‌లో కర్మాగారం ప్రస్తావన కోసం వెతికితే దొరకదు. పనికి వెళ్ళేవాడెవడూ ఆ పాటల్లో లేకపోవడమే దాని జాడ.

3. పూర్వరంగం

హిప్‌హాప్ 1970లలో న్యూయార్క్ బ్రాంక్స్‌లో రూపుదిద్దుకున్నప్పుడే అందులో ప్యూర్టో రికన్ యువకులున్నారు. కోల్డ్ క్రష్ బ్రదర్స్ డి.జె. చార్లీ చేజ్, రాక్ స్టెడీ క్రూ నర్తకులు ఇందుకు నిదర్శనాలు. హిప్‌హాప్‌ను కేవలం ఆఫ్రికన్ అమెరికన్ల సృష్టిగా చూపడం తరువాతి కాలపు సరళీకరణ అని రాకెల్ రివేరా "న్యూయార్క్ రికన్స్ ఫ్రం ది హిప్ హాప్ జోన్" (2003) గ్రంథంలో సవివరంగా వాదించారు. అయితే తొలినాళ్ళలో పాల్గొన్న ప్యూర్టో రికన్లు చాలామట్టుకు ఇంగ్లీషులోనే పాడారు. వారి ఉనికి నృత్యంలో, రికార్డుల తిప్పుడులో ఉన్నంతగా భాషలో నమోదు కాలేదు.

లాస్ ఏంజలెస్ కథ భిన్నమైనది. 1948లో డాన్ తోస్తీ బృందం "పచూకో బూగీ" అనే రికార్డు వెలువరించింది. ఆఫ్రికన్ అమెరికన్ల బూగీ లయ మీద మెక్సికన్ అమెరికన్ యువకుల వీధిభాష "కాలో"లో సాగే మాటల ధోరణి అది. పాట కన్నా సంభాషణకు దగ్గరైనది. ర్యాప్‌కు నాలుగు దశాబ్దాల ముందే, అదే నగరంలో, నల్లవారి లయ మీద స్పానిష్ వీధిమాట స్వారీ చేసిందన్నమాట. సైప్రస్ హిల్‌ను దీనికి వారసులని నేరుగా నిరూపించలేము. కాని ఆ కలయిక 1991లో కొత్తగా కనిపెట్టినది కాదని చెప్పడానికి ఈ రికార్డు చాలు.

వారికి దగ్గరి పూర్వగాములు ఇద్దరు. మొదటివాడు కిడ్ ఫ్రాస్ట్. అతని "లా రాసా" (1990) పాట ఎల్ చికానో బృందం 1970లో వాయించిన "వీవా తిరాదో" మీద నిలబడింది. ఆ స్వరరచన మెక్సికన్ ఎద్దుల పోరు యోధుడిని ఉద్దేశించినదే గాని, రచించినవాడు లాస్ ఏంజలెస్‌కు చెందిన ఆఫ్రికన్ అమెరికన్ జాజ్ నాయకుడు జెరాల్డ్ విల్సన్. చికానో గీతంగా ప్రసిద్ధమైన పాట పునాదిలో ఒక నల్లజాతి సంగీతకారుడున్నాడు. రెండవవాడు సెన్ డాగ్ సోదరుడు మెలో మ్యాన్ ఏస్. మొదట ఇతడు సైప్రస్ హిల్ సభ్యులతో కలిసి డి.వి.ఎక్స్. అనే బృందంలో ఉండేవాడు. విడిపోయి 1989లో "ఎస్కేప్ ఫ్రం హవానా" ఆల్బమ్ చేశాడు. అందులోని "మెంతిరోసా" పాట 1990లో బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలో 14వ స్థానం చేరింది. అబద్ధాలాడే ప్రియురాలితో కలహం దాని వస్తువు, సంతానా బృందపు సంగీతం దాని బాణీ.

ఈ రెండు పాటల్లోనూ లాటినో ఉనికిని శ్రోత క్షణంలో గుర్తుపడతాడు. ఒకటి జాతి గౌరవ ప్రకటన, మరొకటి ద్విభాషా చమత్కారం. రెండింటి బాణీలూ లాటిన్ రాక్ నుండి వచ్చినవే. వ్యాపారానికి "లాటిన్ ర్యాప్" అనే అర సిద్ధమైనది ఇలాగే. ఆ అర తెరిచి ఉన్నప్పటికీ సైప్రస్ హిల్ తమ తొలి ఆల్బమ్‌ను అందులోకి పంపలేదు.

4. బాణీ: ఎవరి చెవి?

శాంప్లింగ్ అంటే పాత రికార్డులోని చిన్న శబ్దఖండాన్ని కత్తిరించి, పునరావృతం చేసి, కొత్త బాణీకి ఇటుకగా వాడడం. ఆల్బమ్‌లో రెండవది, అతి ప్రసిద్ధమూ అయిన "హౌ ఐ కుడ్ జస్ట్ కిల్ ఎ మ్యాన్"కు ఆధారం బ్లూస్ గాయకుడు లోవెల్ ఫుల్సన్ 1960లలో పాడిన "ట్రాంప్". మూడవదైన "హ్యాండ్ ఆన్ ది పంప్"లో వినిపించే గొంతుల ఆవృత్తి జీన్ చాండ్లర్ "డ్యూక్ ఆఫ్ ఎర్ల్" (1962) లోనిది. కాంగా డోళ్ళు, ట్రంపెట్ల మేళవింపు, సల్సా పియానో ఆశించిన శ్రోతకు ఇక్కడ అడుగున మందంగా కదిలే బాస్, దుమ్ము పట్టిన డ్రమ్ము, వాటి మీద సైరన్‌లా కీచుమనే శబ్దం ఎదురవుతాయి.

"డ్యూక్ ఆఫ్ ఎర్ల్"ను ఉదాహరణగా తీసుకుని కొంతసేపు ఆగడం అవసరం. అది ఆఫ్రికన్ అమెరికన్ గాయకుడి తియ్యని ప్రేమగీతం. కాని దక్షిణ కాలిఫోర్నియాలో ఇటువంటి పాటలకు రెండవ జీవితం ఉంది. 1950లలో ఎల్ మాంటే పట్టణపు లీజియన్ స్టేడియంలో రేడియో వ్యాఖ్యాత ఆర్ట్ లబో నిర్వహించిన నృత్యసభలకు మెక్సికన్, నల్లజాతి, శ్వేతజాతి యువత కలిసి వచ్చేది. "ఓల్డీస్ బట్ గుడీస్" అన్న పేరుతో అతడు పాత పాటల సంకలనాలు తెచ్చాడు. దశాబ్దాల పాటు రేడియోలో శ్రోతలు కోరిన పాటలను అంకితాలతో వినిపించాడు. నేలను తాకేంత కిందికి దించిన కార్లలో, నడక వేగంతో వీధుల వెంట సాగే చికానోల లోరైడర్ సంస్కృతిలో ఈ పాత ప్రేమగీతాలు ఇంటి పాటలయ్యాయి. తల్లిదండ్రులు విన్నవి పిల్లలకు దిగాయి. కాబట్టి సౌత్ గేట్‌లో పెరిగిన శ్రోతకు "డ్యూక్ ఆఫ్ ఎర్ల్" పరాయి జాతి పాట కాదు. పెదనాన్న కారులో విన్న పాట.

ఆ ఆవృత్తిని తుపాకీ పేరున్న పాట వెనుక ఉంచడంతో ప్రేమగీతపు మాధుర్యం వెటకారంగా మారింది. ఈ ఎంపికలో లాటిన్ వాద్యమేదీ లేదు, లాటినోల వినికిడి చరిత్ర మాత్రం ఉంది. స్పానిష్ వాడుక సమాజానికి చెందిన సంగీతమంటే స్పానిష్ మూలాల సంగీతమే కావాలన్న భావన వ్యాపారానికి అనుకూలం కావచ్చు, చరిత్రకు కాదు.

ఇక్కడ ఒక అభ్యంతరం సహజం. శబ్దఖండాలను ఎంచినవాడు మగ్స్ అయినప్పుడు, అది లాటినోల చెవి ఎలా అవుతుంది? అభ్యంతరం న్యాయమైనదే. 1992లో హౌస్ ఆఫ్ పెయిన్ బృందానికి "జంప్ అరౌండ్" బాణీ కట్టినప్పుడు అతడు ఇటువంటి కీచు శబ్దాన్నే వాడాడు. అంటే శబ్దశైలిలో ఒక భాగం నిస్సందేహంగా అతని వ్యక్తిగత ముద్ర. అందువల్ల బాణీకి లాటినో లక్షణాన్ని కర్త పుట్టుకలో కాక, అది చేరిన ప్రదేశంలో, దాని మీద మాట్లాడిన గొంతుల్లో వెతకడమే సమంజసం. న్యూయార్క్ మూలాల బాణీకారుడి చేతి పని, నల్లజాతి గాయకుడి పాట ముక్క, మెక్సికన్ అమెరికన్ వీధి జ్ఞాపకం ఒకే ఆవృత్తిలో కలిసి ఉన్నాయి. వీటిలో ఏ ఒక్కదానినో యజమానిగా నిలబెట్టడం కష్టం.

5. భాష: అనువాదం లేని స్పానిష్

స్పానిష్ ప్రధానంగా వినిపించే రెండు పాటలు ఆల్బమ్ చివరి భాగంలో ఉన్నాయి: 13వదైన "ల్యాటిన్ లింగో", 15వదైన "ట్రెస్ ఎకీస్". రెండింటిలోనూ స్పానిష్ భారం మోసినవాడు సెన్ డాగ్. మొదటిది ఇంగ్లీషు, స్పానిష్ మధ్య రాకపోకలు సాగిస్తుంది, రెండవది స్పానిష్‌లోనే నడుస్తుంది. "ల్యాటిన్ లింగో" తన భాషను శీర్షికలోనే ప్రకటించుకున్న మాట నిజమే. తరువాత అది సింగిల్‌గానూ వెలువడింది. అయినా శ్రోతకు ఆల్బమ్ మొదట చూపిన ముఖం అది కాదు. పన్నెండు అంశాలు ర్యాప్‌గా విన్న తరువాతే శ్రోత ఆ భాషను కలుస్తాడు.

తెలుగు సాహిత్యంలో భాషల మేళవింపు ప్రసక్తి రాగానే మణిప్రవాళం గుర్తుకు వస్తుంది. పాల్కురికి సోమనాథుడు వృషాధిప శతకంలో ఆ రీతిని చేసి చూపాడు. మణులూ పగడాలూ ఒకే దారాన గుచ్చిన హారమన్న ఉపమానంలో అలంకార దృష్టి ఉంది, కవి భాషాపాండిత్య ప్రదర్శనా ఉంది. "ల్యాటిన్ లింగో" మిశ్రమాన్ని ఆ పేరుతో పిలవడం పొరపాటు. ఇక్కడి మేళవింపు పండితుడిది కాదు, బడిలో ఒక భాష, ఇంట్లో మరొక భాష, వీధిలో రెండూ వాడే పిల్లవాడిది. ఒక వాక్యం ఇంగ్లీషులో మొదలై స్పానిష్‌లో ముగిస్తే అతనికి అది భాష మార్చడం కాదు, మాట్లాడడమే.

"మెంతిరోసా"తో పోల్చితే తేడా స్పష్టమవుతుంది. అక్కడ భాష మారినప్పుడల్లా ఒక హాస్యం విరుస్తుంది. ఇంగ్లీషు మాత్రమే వచ్చిన శ్రోత కూడా కథను చేజార్చుకోడు. సైప్రస్ హిల్ పాటల్లో ఆ వెసులుబాటు లేదు. స్పానిష్ మాటకు పక్కనే ఇంగ్లీషు అర్థం అందించే ప్రయత్నం కనిపించదు. వినేవాడికి అర్థమైతే సరి, కాకపోతే లయను పట్టుకుని సాగవలసిందే. అల్పసంఖ్యాకుల భాష ప్రధాన స్రవంతిలోకి వచ్చినప్పుడు తనను తాను వివరించుకోవాలన్న అలిఖిత నియమం ఒకటి ఉంటుంది. ఈ ఆల్బమ్ దానిని పాటించలేదు. ఈ వ్యాసం దృష్టిలో దీని చారిత్రక విశేషం ప్రధానంగా ఇక్కడే ఉంది.

వారి ఇంగ్లీషును కూడా ఒక్క భాషగా తీసుకోరాదు. పదజాలంలో, వ్యాకరణంలో అది ఆఫ్రికన్ అమెరికన్ల వాడుకకు చాలా దగ్గర. దీనికి తోడు బి-రియల్ ముక్కుతో పలికే సన్నని గొంతు. తన సహజ స్వరం బృందానికి నచ్చకపోవడంతో ఆ గొంతును సాధన చేశానని, న్యూయార్క్ కళాకారుడు రామెల్జీ పలుకుబడి అందుకు ప్రేరణ అని అతడు ముఖాముఖులలో చెప్పాడు. హార్డ్‌కోర్ ర్యాప్ అప్పటికి బొంగురు గొంతుల రాజ్యం. అందులో చంపడం గురించి బొమ్మలాటలోని పాత్రలా పలికే ఈ గొంతు, బెదిరింపుకు ఒక పిచ్చి నవ్వును జోడించింది. వెనుక నుండి సెన్ డాగ్ మోటు గొంతు అందుకోవడంతో ఇద్దరి పలుకూ వాదనలా కాక వంతపాటలా నడుస్తుంది.

6. హింస, పోలీసు, గంజాయి

ఆల్బమ్ తొలి పాట "పిగ్స్" పోలీసుల మీద వ్యంగ్యం. చిన్నపిల్లల కాలివేళ్ళు లెక్కపెడుతూ పాడే ఇంగ్లీషు జోలపాట ధోరణిలో, ఒక్కొక్క పోలీసునూ అతని దుర్మార్గాన్నీ లెక్కపెడుతుంది. 1991 మార్చి 3న రాడ్నీ కింగ్‌ను లాస్ ఏంజలెస్ పోలీసులు కొట్టిన దృశ్యం టెలివిజన్‌లో ప్రపంచం చూసింది. ఆల్బమ్ వచ్చినది ఆ తరువాత అయిదు నెలలకు. మరుసటి ఏడాది ఏప్రిల్ 29న, నిందిత పోలీసులను నిర్దోషులుగా విడిచిపెట్టిన రోజున నగరం భగ్గుమంది. ఆ సంఘటనను నలుపు-తెలుపు తగాదాగా గుర్తుపెట్టుకున్నవారికి ఒక వాస్తవం ఆశ్చర్యం కలిగిస్తుంది: అప్పుడు అరెస్టయినవారిలో దాదాపు సగం మంది లాటినోలు. నగరపు కోపంలో వారి పాలును వార్తలు గమనించక ముందే ఈ ఆల్బమ్ నమోదు చేసింది.

"హౌ ఐ కుడ్ జస్ట్ కిల్ ఎ మ్యాన్" విషయంలో ఇంత సులభంగా తీర్పు చెప్పలేము. యౌవనంలో ముఠాలో తిరిగానని, తుపాకీ గుండు ఊపిరితిత్తిని చీల్చిందని బి-రియల్ బహిరంగంగా చెప్పాడు. పాటలోని అనుభవం అరువు తెచ్చినది కాదు. పల్లవి మాత్రం బయటివాడికి ఇది అర్థం కాదన్న ఒక్క మాట మీద తిరుగుతుంది. ఆ మాటలో నిజముంది, తప్పించుకోవడమూ ఉంది. అర్థం కాదని ముందే చెప్పినవాడిని ఎవరూ ఎందుకని అడగలేరు. పైగా ఆల్బమ్ మొత్తంలో స్త్రీ మాట దాదాపు వినిపించదు. కాల్చేవారి మాటే తప్ప, కాల్చబడినవాడి ఇంట్లో మిగిలినవారి మాట లేదు. వీధి సత్యమని మెచ్చుకునేటప్పుడు ఆ సత్యం ఎంతమేరకో కూడా చెప్పడం విమర్శ బాధ్యత.

గంజాయి పాటలు ఆల్బమ్‌లో పెద్ద భాగమే ఆక్రమించాయి. బృందానికి వ్యాపార గుర్తింపు తెచ్చినవీ అవే. వస్తుపరంగా వాటిలో చెప్పుకోదగ్గ వైవిధ్యం లేదు. చరిత్రపరంగా ఒక్క విషయం గమనించాలి. కాలిఫోర్నియా 1913లోనే గంజాయిని నిషేధించింది. 1937 నాటి కేంద్ర పన్ను చట్టం ఆ మొక్కను "మారిహువానా" అన్న మెక్సికన్ స్పానిష్ పేరుతో పిలిచింది. నిషేధ ప్రచారంలో అది మెక్సికన్ల దురలవాటుగా చిత్రితమైంది. ఆ నిందలో పుట్టినవారి మనుమలు దానినే పతాకంగా ఎత్తిపట్టడంలో కావాలని చేసిన ఎత్తిపొడుపు ఉన్నదో లేదో గాని, ఆ చరిత్ర ఎరిగిన శ్రోతకు అది వినిపిస్తుంది.

7. ఆల్బమ్ అనంతరం

ఆల్బమ్ బిల్‌బోర్డ్ 200 పట్టికలో 31వ స్థానం వరకు వెళ్ళింది. క్రమంగా అమ్మకాలు అమెరికాలో ఇరవై లక్షలు దాటాయి. రెండవ ఆల్బమ్ "బ్లాక్ సండే" 1993లో నేరుగా మొదటి స్థానంలో ప్రవేశించింది. 1996లో సెన్ డాగ్ ప్రోత్సాహంతో వచ్చిన డెలిన్‌క్వెంట్ హ్యాబిట్స్ బృందం "ట్రెస్ డెలిన్‌క్వెంటెస్" పాటలో ట్రంపెట్లను ముందుకు తెచ్చింది. ఇక్కడ ఒక విచిత్రం: ఆ "మెక్సికన్" ట్రంపెట్లు లాస్ ఏంజలెస్‌లో పుట్టిన యూదు సంగీతకారుడు హెర్బ్ ఆల్పర్ట్ 1962లో చేసిన "ది లోన్లీ బుల్" నుండి తీసుకున్నవి. లాటిన్ అనిపించే శబ్దానికీ, లాటినోల శబ్దానికీ మధ్య ఉన్న దూరానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం. అదే ఏడాది మెక్సికోలోని మాంతెర్రే నగరం నుండి కంత్రోల్ మచేతే బృందం "ముచో బరాతో" ఆల్బమ్‌తో స్పానిష్ హార్డ్‌కోర్ ర్యాప్‌ను సరిహద్దుకు ఆవల నిలబెట్టింది.

1999లో సైప్రస్ హిల్ తమ పాటలను స్పానిష్‌లోకి మార్చి ఒక సంకలనం తెచ్చింది. అందులో "పిగ్స్" పాట "ప్యుయెర్కోస్" అయింది. అది మాటకు మాట అనువాదం. "హౌ ఐ కుడ్ జస్ట్ కిల్ ఎ మ్యాన్" మాత్రం "నో ఎంతియెందెస్ లా ఓందా" అయింది. ఆ మాటలకు "ఈ తీరు నీకు అర్థం కాదు" అని అర్థం. చంపడం శీర్షిక నుండి తొలగిపోయి, పల్లవిలోని మాట శీర్షికకు ఎక్కింది. ఇంగ్లీషులో ఆ మాట వీధికి బయట ఉన్న శ్రోతను ఉద్దేశించింది. స్పానిష్‌లో వినేవాడికి ఆ భాష ఇంటిదే. అదే మాట అతనికి చెప్పినప్పుడు, అర్థం కానిది భాష కాదని, ఆ వీధేనని తేలుతుంది.